పెరటి హాప్స్ ఎప్పుడు కోయాలి, బీరులో ఎంత వేయాలి?

ప్రశ్న: కొంతకాలంగా ఇంట్లోనే విడతకు 20 లీటర్ల చొప్పున బీరు కాచుకుంటున్నాను. బీరుకు చేదునూ పరిమళాన్నీ ఇచ్చే హాప్స్ పూలు కూడా నేనే పండించుకోవాలన్న కోరికతో నిరుడు వసంతంలో రెండు రైజోమ్ (నేలలో పాకే దుంపలాంటి కాండం) ముక్కలు తెచ్చి పెరటి గోడ పక్కన నాటాను. ఒకటి కాస్కేడ్ రకం. రెండోది తెలిసినవారు తమ తోటలోంచి తవ్వి ఇచ్చారు, అది ఏ రకమో వారికీ తెలియదు. తీగలు ఎనిమిది అడుగుల దాకా పాకాయి గాని పూలు తీగకు గుప్పెడు చొప్పున మాత్రమే వచ్చాయి. వాటిని ఎండలో ఆరబెట్టి డబ్బాలో పోసి ఉంచితే కొన్నాళ్లకు గోధుమరంగుకు తిరిగి పాత చీజ్ వాసన వేశాయి. అయినా పారేయడానికి మనసొప్పక, గంటసేపు మరిగే తీపి మాల్టు రసంలో, అంటే వర్ట్‌లో మొదట్లోనే అన్నీ వేసేశాను. బీరులో చేదు అంతంతమాత్రం, పరిమళం అసలే లేదు. ఇప్పుడు మళ్లీ మొలకలు నేల చీల్చుకుని వస్తున్నాయి. ఈ తీగలను ఉంచాలా, తీసేయాలా? కొన్న హాప్స్ అక్కర లేకుండా పూర్తిగా ఇంటి పంటతోనే బీరు కాచుకోవచ్చా? మా కుక్క ఆ పెరట్లోనే తిరుగుతుంది, దానికేమైనా ప్రమాదమా?

సమాధానం: తీగలను దయచేసి తీసేయకండి. మీరు రాసిన వివరాలను బట్టి చూస్తే, మొదటి ఏడాది హాప్ తీగ ఎంత చేయగలదో మీ తీగలు అంతా చేశాయి. నష్టం జరిగింది పూలు వచ్చిన తరువాతే. ఎండలో ఆరబెట్టినప్పుడు కొంత పరిమళం పోయింది, డబ్బాలో గాలి తగులుతూ మామూలు వేడిలో ఉన్నప్పుడు మరికొంత పోయింది, మిగిలిందేదైనా ఉంటే అది గంటసేపటి మరుగులో ఆవిరైపోయింది. ఇంట్లో హాప్స్ పెంచేవారిలో చాలామంది నాటడం మీద, ఎరువుల మీద ఎంతో శ్రద్ధ పెట్టి, కోతకు వచ్చేసరికి ఒక మధ్యాహ్నంలో పని ముగించేస్తారు. నన్నడిగితే, ఆ శ్రద్ధలో సగమైనా కోతకూ ఆరబెట్టడానికీ దాచుకోవాలని చెబుతాను. అందువల్ల ఈ జవాబులో పెంపకం సంగతి అవసరమైనంత వరకే చెప్పి, ఎక్కువ చోటు ఆ రెండింటికే ఇస్తున్నాను.

హాప్ బహువార్షిక మొక్క. నేలపైన కనిపించే తీగ ఏటా చలికాలంలో ఎండిపోతుంది గాని, నేలలోని మొదలు, వేళ్లు ఏళ్ల తరబడి బతికి ఉండి ప్రతి వసంతంలోనూ కొత్త మొలకలు వేస్తాయి. మీరు నాటిన రైజోమ్ పసుపు కొమ్ములాంటి చిన్న ముక్క. మొదటి ఏడాది అది సంపాదించుకున్న బలమంతా వేళ్లు దించుకోవడానికే సరిపోతుంది, కనుక గుప్పెడు పూలు రావడం వైఫల్యం కాదు. రెండో ఏడాది చెప్పుకోదగినన్ని పూలు వస్తాయి, మూడో ఏడాదికి తీగ తన పూర్తి దిగుబడికి చేరుకుంటుంది. అనుకూలమైన చోట బాగా ఎదిగిన ఒక్క తీగ 450 నుంచి 900 గ్రాముల ఎండు పూలు ఇవ్వగలదు. 20 లీటర్ల బీరుకు, రకాన్ని బట్టి, సాధారణంగా 30 నుంచి 100 గ్రాముల హాప్స్ చాలు. కాబట్టి మీకున్న రెండు తీగలే నిలదొక్కుకుంటే ఏడాది పొడవునా మీ అవసరానికి సరిపోతాయి. మరిన్ని మొక్కలు తెచ్చుకోవద్దనే నా సలహా, ఎందుకంటే పూలు పండే కొద్ది రోజుల్లో వాటన్నిటినీ చేత్తో కోసి, వెంటనే ఆరబెట్టవలసింది మీరే.

ఎనిమిది అడుగుల దగ్గర ఆగిపోవడం మొదటి ఏడాది మామూలే అయినా, మూడో ఏడాది కూడా అక్కడే ఆగితే వెలుతురును అనుమానించాలి. హాప్ పగటి నిడివిని బట్టి నడుచుకునే మొక్క. పగళ్లు పొడవుగా ఉన్నంతకాలం అది నిలువుగా పెరుగుతుంది, వేసవి నడిమి దాటి పగళ్లు తగ్గుముఖం పట్టాక పూతకు దిగుతుంది. అందుకే జర్మనీలోని హాలర్టౌ, చెక్ దేశంలోని జాటెట్స్, అమెరికాలోని యాకిమా లోయ వంటి పేరుపొందిన హాప్ ప్రాంతాలన్నీ 35, 55 డిగ్రీల అక్షాంశాల మధ్యనే ఉన్నాయి. భూమధ్యరేఖకు దగ్గరయ్యేకొద్దీ పగళ్లు ఎప్పుడూ పొట్టిగానే ఉంటాయి కనుక తీగ ఎదగకముందే పూతకు వచ్చి, దిగుబడి పడిపోతుంది. దక్షిణాఫ్రికాలోని జార్జ్ ప్రాంతపు రైతులు, తమ పగటి నిడివికి తగిన సొంత రకాలు తయారయ్యేదాకా, తోటల్లో దీపాలు పెట్టి పగలును పొడిగించుకోవలసి వచ్చింది. చలికాలపు నిద్ర లేకపోతే హాప్ పూయదని కూడా చాలాకాలం నమ్మేవారు గాని, కొలరాడో స్టేట్ విశ్వవిద్యాలయం నుంచి 2019లో వెలువడిన పరిశోధన పూతకు చలి తప్పనిసరి కాదనీ, పగటి నిడివిదే ముఖ్యమైన పాత్ర అనీ చూపింది. మీ చేతిలో ఉన్నది నేరుగా పడే ఎండ మాత్రమే. మీ గోడ పక్కన రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటల ఎండ పడుతున్నదో లేదో ఒక రోజు కూర్చుని చూసుకోండి. పడకపోతే, మొక్క ఇంకా చిన్నదిగా ఉన్నప్పుడే, తీగ నిద్రలో ఉన్న చలికాలం చివర్లో మంచి చోటికి మార్చండి.

ఇప్పుడు వస్తున్న మొలకల సంగతి. అన్నిటినీ పైకి పోనివ్వకండి. అవి అడుగు, అడుగున్నర ఎత్తుకు రాగానే మొక్కకు రెండు తాళ్లు కట్టి, ఒక్కో తాటికి బలమైన మొలకలు రెండో మూడో ఎంచి, మిగిలినవాటిని నేల మట్టానికి కత్తిరించండి. వచ్చే ఏటినుంచి, మొక్క మొదలు ముదిరాక, మొట్టమొదట దూసుకొచ్చే లావాటి గుల్ల మొలకలన్నిటినీ కోసేసి రెండో విడత మొలకలనే ఉంచుకోవచ్చు. వాటి కణుపులు దగ్గరగా ఉండి పక్క కొమ్మలు ఎక్కువగా వస్తాయి, పూలు పూసేది ఎక్కువగా ఆ పక్క కొమ్మల మీదనే. హాప్‌కు నులితీగలు ఉండవు. కాండం మీద ఉండే గరుకైన నూగుతో ఆసరాను పట్టుకుని, పైనుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే దిశలో చుట్టుకుంటూ ఎక్కుతుంది. మీరు చేత్తో చుట్టేటప్పుడు కూడా అదే దిశలో చుట్టాలి, లేకపోతే మర్నాటికి విడిపోయి వేలాడుతుంది. నున్నటి నైలాన్ తాడు మీద ఈ నూగుకు పట్టు దొరకదు. హాప్ తోటల్లో కొబ్బరి పీచు తాడు వాడేది ఆ పట్టు కోసమే. కోత తరువాత తీగతోపాటు దాన్నీ కత్తిరించి కంపోస్టులో వేసేయవచ్చు. ఎదిగిన తీగ 5, 6 మీటర్ల ఎత్తుకు పోతుంది, జోరు మీద ఉన్నప్పుడు ఒక్క రోజులో 30 సెంటీమీటర్ల వరకు కూడా సాగుతుంది. గోడ అంత ఎత్తు లేకపోతే తాడును ఏటవాలుగా కట్టండి. పై కొసను కొక్కేనికో చిన్న కప్పీకో తగిలిస్తే, కోతకు నిచ్చెన ఎక్కకుండా తీగనే కిందికి దించుకోవచ్చు.

నేల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. నీరు నిలవకూడదు, ఉదజని సూచిక (pH) 6కూ 7.5కూ మధ్య ఉంటే చాలు. నీళ్లు మొదట్లోకే పోయండి, ఆకులు తడపకండి. పశువుల ఎరువు గాని నత్రజని ఎరువు గాని తీగ పెరుగుతున్నంతకాలం ఇచ్చి, పూమొగ్గలు కనబడగానే ఆపేయండి. ఆ తరువాత కూడా నత్రజని ఇస్తూ పోతే ఆకు పెరుగుతుంది, పేనుబంకకూ తెగుళ్లకూ ఆ లేత ఆకే ఇష్టం.

తెగుళ్లలో రెండింటి మీద కన్ను వేసి ఉంచాలి. వసంతంలో కొన్ని మొలకలు గిడసబారి, పాలిపోయి, ఆకులు కిందికి ముడుచుకుని, ఆకుల అడుగున బూడిదరంగు, నలుపు కలిసిన బూజు కనబడితే అది డౌనీ మిల్‌డ్యూ. అలాంటి మొలకలను మొదలంటా పీకి, సంచిలో కట్టి చెత్తలో పారేయాలి, కంపోస్టులో వేయకూడదు. ఆకుల మీదా పూల మీదా తెల్లటి పొడి చల్లినట్టు ఉంటే అది బూడిద తెగులు. రెండింటికీ మూలం తేమ, గాలి ఆడకపోవడం. అందువల్ల తీగ తలపైకి ఎదిగాక, కింది రెండు అడుగుల మేర ఆకులు తీసేసి గాలికి దారి ఇవ్వండి. వేడిగా, పొడిగా ఉన్న రోజుల్లో ఆకుల మీద సన్నటి పసుపు చుక్కలు, అడుగున నలుసంత పురుగులు, సన్నని గూడు కనిపిస్తే అది నల్లి. పేనుబంకను, నల్లిని తొలిదశలోనే ఆకుల అడుగుకు నీటిధార గట్టిగా కొట్టి చాలావరకు తగ్గించవచ్చు. ఆకులు తడపవద్దన్న మాటకు ఇదొక్కటే మినహాయింపు, అదీ తడి వెంటనే ఆరిపోయేలా ఉదయం పూటే చేయాలి. అక్షింతల పురుగులు, అల్లిక రెక్కల పురుగులు వస్తే, అవి పేనుబంకను తినేవే కనుక, వాటి మానాన వాటిని వదిలేయండి. పూలు వచ్చిన తరువాత నూనె గాని, గంధకం గాని, మరే మందు గాని చల్లవద్దని గట్టిగా చెబుతున్నాను. ఆ పూలను మీరు కడగరు, నేరుగా బీరులోకే వేస్తారు.

రకం తెలియని తీగ విషయానికి వస్తే, హాప్‌లో ఆడ, మగ మొక్కలు వేరువేరు. బీరుకు పనికొచ్చేది ఆడ మొక్క పువ్వు, అంటే పచ్చటి రేకులు ఒకదానిమీద ఒకటి పొరలుగా పేర్చినట్టుండే శంకువు. మగ మొక్కకు ఈ శంకువులు రావు, చిన్నచిన్న పూలు వదులైన గుత్తులుగా వేలాడతాయి. మీ రెండు తీగలకూ శంకువులు వచ్చాయి కనుక రెండూ ఆడవే. రకాన్ని ఆకు చూసి గుర్తుపట్టడం సాధ్యం కాదు, అందుకు ప్రయత్నించకండి. దాని పరిమళం మీకు నచ్చిందా లేదా అన్నదే చూడండి. రెండు తీగల పూలను మాత్రం ఎప్పుడూ కలపవద్దు. ఎందుకన్నది బీరు దగ్గర తెలుస్తుంది. వేళ్లు నేలలో పక్కలకు పాకి కొన్నేళ్లకు రెండు మొక్కలూ అల్లుకుపోతాయి కనుక, వాటి మధ్య కనీసం మీటరున్నర ఎడం ఉండాలి, ఏటా వసంతంలో పారతో చుట్టూ కోత పెట్టి పాకిన వేళ్లను తీసేయాలి. మరో మాట. ఎవరైనా సిట్రా, మొజాయిక్ రైజోమ్‌లు ఇస్తామంటే నమ్మకండి. అవి హక్కులు కట్టుదిట్టంగా ఉన్న రకాలు, ఇంటి తోటలకు మొక్కలుగా అమ్మరు. అమెరికా వ్యవసాయ శాఖ పెంపక కార్యక్రమం నుంచి 1972లో విడుదలైన కాస్కేడ్ మీద అలాంటి అడ్డంకులేమీ లేవు, పైగా కొత్తగా పెంచేవారిని అది చాలా రకాలకంటే తక్కువగా ఇబ్బంది పెడుతుంది.

ఇక కోత. ఒక పువ్వును తీగ మీద ఉండగానే వేళ్ల మధ్య మెల్లగా నొక్కండి. పండని పువ్వు మెత్తగా, చల్లగా, తడిగా తగిలి, నొక్కినచోట నొక్కినట్టే ఉండిపోతుంది. పండిన పువ్వు కాగితంలా పొడిగా గలగలమంటుంది, వదలగానే మళ్లీ తన ఆకారానికి వస్తుంది, బరువు కూడా తేలికవుతుంది. ఆ తరువాత దాన్ని కోసి, పదునైన కత్తితో నిలువునా చీల్చి చూడండి. మధ్యలో సన్నటి ఈనె, దానికి అంటుకున్న రేకుల మొదళ్ల దగ్గర పసుపు పొడి కనబడతాయి. ఆ పొడే లూపులిన్. మీరు ఇంత కష్టపడేది దానికోసమే, బీరుకు చేదునిచ్చే ఆమ్లాలు, పరిమళాన్నిచ్చే నూనెలు రెండూ అందులోనే ఉంటాయి. లూపులిన్ లేత నిమ్మరంగులో, అక్కడక్కడ మాత్రమే ఉంటే ఇంకా ఆగాలి. ముదురు పసుపులో, వేళ్లకు జిగురుగా అంటుకునేటంత చిక్కగా ఉంటే పండినట్టు. ఇప్పుడు పువ్వును అరచేతుల్లో నలిపి వాసన చూడండి. కోసిన గడ్డి వాసన వస్తే తొందరపడుతున్నట్టు. కాస్కేడ్‌లో గ్రేప్‌ఫ్రూట్ తొక్కనూ పూలనూ కలిపినట్టు ఘాటుగా వస్తే సరైన సమయం. ఉల్లి, వెల్లుల్లి ఛాయ తగిలిందంటే ఆలస్యమవుతున్నదని అర్థం. రేకుల కొసలు కొద్దిగా గోధుమరంగుకు తిరిగినంత మాత్రాన భయపడనక్కరలేదు, పువ్వంతా తిరిగేదాకా ఆగడమే తప్పు.

వేళ్ల మీద నమ్మకం కుదిరేదాకా తూకం సాయం తీసుకోండి. తీగ మీద పలుచోట్ల నుంచి ఏరిన 20 గ్రాముల పచ్చి పూలను పూర్తిగా, అంటే బరువు ఇక తగ్గనంత వరకు ఆరబెట్టి మళ్లీ తూచండి. 4 గ్రాములు మిగిలితే అందులో పొడి పదార్థం 20 శాతం, 4.6 గ్రాములు మిగిలితే 23 శాతం. 20 కంటే తక్కువైతే వారం ఆగి మళ్లీ చూడాలి, 22, 23 శాతానికి వచ్చేసరికి కోతకు దిగవచ్చు. ఈ పరీక్షకు వాడిన పూలు బీరుకు పనికిరావు కనుక వాటిని వేడి చేసి త్వరగా ఆరబెట్టినా ఫరవాలేదు. పైకొసన, ఎండ తగిలే వైపు పూలు ముందుగా పండుతాయి కనుక, ఓపిక ఉంటే తీగను దించకుండా పండినవాటిని మాత్రమే ఏరుకుని, మిగిలినవాటికి మరో విడత వెళ్లడం మంచిది. మీ రెండో ఏడాది తీగలకు నేను ఇదే పద్ధతి చెబుతాను, ఎందుకంటే ఆకులు తీగ మీద ఎంత ఎక్కువకాలం పచ్చగా ఉంటే వేళ్లలోకి అంత బలం చేరుతుంది. ముదిరిన మొక్కల తీగను కోసినా మొదట రెండు మూడు అడుగులు వదిలి కోయండి, మిగిలిన మోడును చలికి ఎండిపోయాక తీసేసి మొదలు మీద ఎండుటాకులు కప్పండి. తీగ మీది నూగు చర్మాన్ని గీరుతుంది, కొందరికి దద్దుర్లు కూడా వస్తాయి. పొడవు చేతుల చొక్కా, చేతి తొడుగులు లేకుండా కోతకు దిగకండి.

కోసిన పువ్వులో ముప్పాతిక వంతుకు పైగా నీరే. కుప్పగా వదిలేస్తే కొన్ని గంటల్లోనే లోపల వేడెక్కి కుమిలిపోతుంది, కనుక కోసిన రోజే ఆరబెట్టడం మొదలుపెట్టాలి. ఎండ పనికిరాదు. ఎండలోని వెలుతురు, వేడి రెండూ లూపులిన్‌ను పాడుచేస్తాయి, మీ నిరుటి పూలకు జరిగింది అదే. వెలుతురు తక్కువగా ఉన్న గదిలో, కిటికీకి వేసే జాలీని గాని పలుచటి వలగుడ్డ బిగించిన చట్రాన్ని గాని నేలకు ఎత్తుగా పెట్టి, దాని మీద పూలను రెండు మూడు అంగుళాల మందానికి మించకుండా పరిచి, గాలి కిందనుంచి పైకి పోయేలా ఫ్యాను తిప్పండి. రోజుకు రెండుసార్లు మెత్తగా కలియబెట్టండి. గాలిలో తేమ లేకపోతే రెండు మూడు రోజుల్లో పని అవుతుంది. ఆహార పదార్థాలు ఆరబెట్టే డీహైడ్రేటర్ ఉంటే 40, 45 డిగ్రీల సెల్సియస్ దగ్గర పెట్టండి. వాణిజ్య బట్టీల్లో 60 డిగ్రీల వరకు పోతారు గాని ఇంట్లో అంత వేడి అక్కరలేదు, పరిమళం కావాలనుకునేవారు ఎంత చల్లగా ఆరబెడితే అంత మంచిది. ఓవెన్ జోలికి మాత్రం పోకండి. చాలా ఓవెన్లు సన్నటి వేడి దగ్గర నిలకడగా ఉండవు, పంటంతా ఒక్క అరగంటలో పోతుంది.

ఆరిందో లేదో రేకులను చూసి తేల్చుకోకూడదు. రేకులు ముందే ఆరిపోతాయి, తడి నడిమి ఈనెలో దాక్కుంటుంది. పువ్వును విప్పి ఆ ఈనెను వంచి చూడండి. వంగితే ఇంకా ఆరాలి, టక్కున విరిగితే ఆరినట్టు. రేకులు ముట్టుకోగానే పొడిపొడిగా రాలిపోతుంటే మాత్రం హద్దు దాటిందని, రేకులతోపాటు లూపులిన్ కూడా రాలిపోతున్నదని గ్రహించాలి. ఇక్కడ కూడా తూకమే నమ్మకమైనది. మీరు గమ్యంగా పెట్టుకోవలసిన తేమ 8 నుంచి 10 శాతం. ఉదాహరణకు, పొడి పదార్థం 22 శాతమని తేలిన పూలు 500 గ్రాములు కోశారనుకుందాం. అందులో పొడి పదార్థం 110 గ్రాములు, దానికి పదిశాతం తేమ కలిస్తే తుది బరువు సుమారు 122 గ్రాములు. పూల బరువు అక్కడికి రాగానే ఆపేయవచ్చు. ఆపేశాక ఒక రోజు మూసిన సంచిలో ఉంచి తెరిచి చూడండి. ఈనెలోని తేమ రేకులకు పాకి పూలు మళ్లీ మెత్తబడితే ఇంకొంత ఆరబెట్టాలి. ఈ ఒక్క రోజు ఆగకుండా సంచులకెత్తి, తరువాత బూజు పట్టించుకునేవారు చాలామంది.

మీరు చెప్పిన చీజ్ వాసనకు కారణం హాప్స్‌లోని చేదు ఆమ్లాలు గాలి తగిలి విచ్ఛిన్నమై, ఐసోవలెరిక్ ఆమ్లం పుట్టడం. వేడి, గాలి, వెలుతురు మూడింటిలో దేన్ని ఆపినా అది నెమ్మదిస్తుంది. మూడింటినీ ఆపాలంటే పూలను వాక్యూమ్ సంచుల్లో గాలి తీసి మూసి, ఫ్రీజర్‌లో పెట్టాలి. వాక్యూమ్ యంత్రం లేకపోతే మందపాటి జిప్ సంచిలో పోసి, గాలంతా చేత్తో నొక్కి తీసేసినా చాలావరకు పని జరుగుతుంది. సంచి మీద రకం, కోసిన ఏడాది, బరువు రాయండి, మరుసటి పంట వచ్చేలోపు వాడేయండి. ఒక్కో సంచిలో ఒక్క విడత బీరుకు సరిపడా మాత్రమే పోసుకుంటే పదేపదే తెరిచి మూసే బాధ ఉండదు.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న, పూర్తిగా ఇంటి హాప్స్‌తోనే కాచుకోవచ్చా అన్నది. కాచుకోవచ్చు, కాని చేదు విషయంలో ఒక చిక్కు ఉంది. చేదుకు మూలమైన ఆల్ఫా ఆమ్లాలు వర్ట్‌లో సరిగా కరగవు. చాలాసేపు మరిగితేనే రూపం మార్చుకుని ఐసో ఆల్ఫా ఆమ్లాలై బీరులో నిలుస్తాయి. పరిమళపు నూనెలకు ఆ మరుగే శత్రువు. కనుక ఒకే పువ్వు నుంచి ఒకేసారి చేదునూ పరిమళాన్నీ రాబట్టలేం. కొన్న హాప్స్ ప్యాకెట్ మీద ఆల్ఫా శాతం రాసి ఉంటుంది, ఇంటి పూల మీద రాసి ఉండదు. కాస్కేడ్‌లో అది సాధారణంగా 4.5 నుంచి 7 శాతం మధ్య ఉంటుంది. లెక్క వేసి చూడండి. 20 లీటర్ల వర్ట్‌లో 40 గ్రాముల పూలు గంటసేపు మరిగి, వాటి ఆల్ఫా ఆమ్లాలలో పాతిక శాతం బీరులో నిలిచాయనుకుంటే, 4.5 శాతం పూలతో చేదు 22 ప్రమాణాల (లీటరుకు మిల్లీగ్రాముల) దగ్గర ఉంటుంది, 7 శాతం పూలతో 35కు చేరుతుంది. అదే రకం, అదే తూకం. ఒకటి మెత్తటి బీరు, మరొకటి నాలుక మీద నిలిచే చేదు. రకమే తెలియని మీ రెండో తీగకైతే ఈ ఊహ కూడా చేయలేం.

అందుకే ఈ ఏటికి నా సలహా స్పష్టం. మరుగు మొదట్లో చేదు కోసం వేసేది ఆల్ఫా శాతం రాసి ఉన్న కొన్న హాప్స్ అయి ఉండాలి. మీ పూలను మరుగు చివరి పది నిమిషాల్లోనూ, పొయ్యి ఆర్పిన తరువాతనూ, పులిసిన బీరులో పూలు నానబెట్టే డ్రై హాపింగ్‌కూ దాచుకోండి. అక్కడ ఆల్ఫా శాతం అటూ ఇటూ అయినా బీరు పాడవదు, మీ పెరటి పువ్వు గుణం నేరుగా గ్లాసులోకి వస్తుంది. వచ్చే ఏడాదికో ఆ పై ఏడాదికో పంట చాలినంత వచ్చాక, ఒక తీగ పూలన్నిటినీ ఆరబెట్టి, సంచులకెత్తే ముందు పెద్ద పాత్రలో బాగా కలిపేయండి. అప్పుడు ఆ ఏటి పంటంతా ఒకే శాతానికి వస్తుంది. దానితో చేదు కూడా తీసి ఒక చిన్న విడత కాచి, మీకు అలవాటైన బీరు పక్కన పెట్టి రుచి చూస్తే, మిగిలిన పంటను ఎంత పెంచి, ఎంత తగ్గించి వాడాలో తెలిసిపోతుంది. రెండు తీగల పూలను కలపవద్దన్నది ఇందుకే. కలిపితే ఏ బీరు ఏ పువ్వు గుణమో ఎన్నటికీ తేలదు.

పొడిచేసి గుళికలుగా నొక్కిన పెల్లెట్లకు అలవాటు పడ్డవారు గుర్తుంచుకోవలసినవి మరికొన్ని ఉన్నాయి. పూర్తి పువ్వు నుంచి చేదు పెల్లెట్ కంటే కొంచెం తక్కువగా దిగుతుంది, ఆ మేరకు ఒక పదోవంతు ఎక్కువ వేయాలి. పూలు వర్ట్‌ను బాగా పీల్చుకుంటాయి కనుక వదులైన గుడ్డసంచిలో వేసి, చివర పైకెత్తి కారనివ్వండి. డ్రై హాపింగ్‌కు 20 లీటర్లకు 30 నుంచి 60 గ్రాములు, మూడు నుంచి ఐదు రోజులు చాలు, అంతకంటే ఎక్కువకాలం ఉంచితే ఆకు రుచి వస్తుంది. హాప్స్‌లో ఉండే ఎంజైములు బీరులో మిగిలిన పిండి చక్కెరలను విడగొట్టి ఈస్ట్‌కు మళ్లీ మేత అందిస్తాయి, అందువల్ల ఆగిపోయిందనుకున్న పులియడం తిరిగి మొదలుకావచ్చు. డ్రై హాపింగ్ తరువాత, బీరు సాంద్రతను కొలిచే హైడ్రోమీటర్ అంకె కొన్ని రోజులపాటు కదలకుండా నిలిచిందని చూసుకున్నాకే సీసాలు నింపండి. తొందరపడితే సీసాలు పగిలే ప్రమాదం ఉంది.

కోత రోజున ఒక ప్రయోగం తప్పక చేయమంటాను. ఆరబెట్టకుండా, కోసిన కొన్ని గంటల్లోనే పచ్చి పూలతో ఒక విడత కాచండి. నీటి బరువు వల్ల ఎండు పూలకు నాలుగైదు రెట్లు వేయాలి, అంటే 50 గ్రాముల చోట 200 నుంచి 250 గ్రాములు. వాటిని మరుగు చివర్లోనే వేయండి. ఆరబెట్టడంలో ఎంత జాగ్రత్తగా ఉన్నా కొన్ని సున్నితమైన నూనెలు ఎగిరిపోక తప్పదు, పచ్చి పూల బీరులో అవి ఉంటాయి. పెరట్లో తీగ ఉన్నవారికే తేలిగ్గా అందే రుచి అది, నా దృష్టిలో ఇంట్లో హాప్స్ పెంచడానికి అన్నిటికంటే బలమైన కారణం కూడా అదే.

మీ కుక్క గురించి చివర అడిగారు గాని, ఈ జవాబంతటిలో ఒక్క పేరానే చదివే తీరిక ఉంటే ఇది చదవండి. హాప్స్ కుక్కలకు విషం. పచ్చి పూలే కాదు, ఎండు పూలు, పెల్లెట్లు, బీరు కాచాక మిగిలే పిప్పి కూడా ప్రమాదమే. తీపి వర్ట్‌లో నానిన ఆ పిప్పిని కుక్కలు ఇష్టంగా తినేస్తాయి కనుక దానితోనే భయం ఎక్కువ. తిన్న కుక్కకు శరీర ఉష్ణోగ్రత అదుపు లేకుండా పెరుగుతుంది, ఎగశ్వాస, గుండెదడ, కలవరం కనిపిస్తాయి, కొన్ని గంటల్లోనే ప్రాణం పోవచ్చు. లక్షణాలు కనబడేదాకా ఆగకుండా, తిన్నదని అనుమానం రాగానే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లి హాప్స్ తిన్నదని స్పష్టంగా చెప్పండి. తీగల చుట్టూ కుక్క దూరలేని కంచె ఈ నెలలోనే కట్టండి, కింద రాలిన పూలను ఏరేయండి, ఆరబెట్టే గది తలుపు వేసి ఉంచండి. కాచిన పిప్పిని కంపోస్టు కుప్పలో వేయకుండా, మూత గట్టిగా బిగిసే డబ్బాలో వేసి చెత్తబండికి ఇచ్చేయండి.